ఊరికి సోలార్ ప్లాన్ రాస్తున్నాం: లైన్ తెగిన రోజు ఏమేం నడవాలో మీరూ చెప్పండి

డిండి_వాగు (దేవరకొండ దిక్కు)

అందరికీ నమస్కారం. మాది డిండి వాగుకు దగ్గర్లో చిన్న పంచాయతీ, రెండు తండాలు కలుపుకొని ఒక 1,500 మంది ఉంటాం. 2025 డిసెంబర్ ఎన్నికల్లో కొత్త పాలకవర్గం వచ్చింది. సర్పంచ్ అక్క పట్టుదల మనిషి, వచ్చే గ్రామసభలో ఊరి కరెంటు మీద ఒక ప్లాన్ పెడదాం, నువ్వు రాసుకురా తమ్మీ అని నాకు అప్పజెప్పింది.

ఎందుకింత పట్టుదల అంటే, 2024 మే 26 గాలివాన మీ అందరికీ గుర్తుండే ఉంటుంది, నాగర్‌కర్నూల్ జిల్లాలో గోడలు కూలి మనుషులే పోయారు. మా ఊరికి కరెంటు తెచ్చే ఫీడర్ లైన్ మీద కూడా స్తంభాలు వరసగా పడ్డాయి. మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుఫాను. రెండుసార్లూ జరిగింది ఒకటే: కరెంటు పోయింది, మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఆగిపోయాయి, సెల్‌ఫోన్లు చచ్చిపోయాయి, చివరికి చేతిపంపు నీళ్లు తాగాం. మా చేతిపంపు నీళ్లల్లో ఫ్లోరైడ్ సంగతి నల్లగొండ వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు ఊర్లో మూడు మాటలు నడుస్తున్నాయి. కొండారెడ్డిపల్లి లాగా ఇంటింటికీ సోలార్ పెట్టించాలని కొందరు, పంచాయతీ బిల్డింగు మీద ఒక 10 కిలోవాట్లు పెట్టి మొదలుపెడదామని కొందరు, మహిళా సంఘం తరఫున పెద్ద ప్లాంటే పెడదామని ఇంకొందరు. కంపెనీల ఏజెంట్లు రోజూ తిరుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

పట్నం_తమ్ముడు (హైదరాబాద్, సొంతూరు కల్వకుర్తి దగ్గర)

అన్నా, పక్కనే ఉదాహరణ ఉండగా ఆలోచన ఎందుకు? వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో 514 ఇళ్లుంటే 480 ఇళ్ల మీద 3 కిలోవాట్ల చొప్పున పెట్టారు, 11 సర్కారు బిల్డింగుల మీద కలిపి 60 కిలోవాట్లు. మొత్తం ఖర్చు 10.53 కోట్లు. గుజరాత్‌లో మొఢేరా 2022లోనే పూర్తి సోలార్ ఊరు అయింది. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ వస్తుంది, 2025 సెప్టెంబర్ నుంచి జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీ ఊరి నుంచి పట్నం వచ్చినవాళ్లు మస్తు మంది ఉంటారు, అందరం తలా కొంత వేసుకుంటే మిగిలింది కూడా సర్దుకుంటుంది. పెద్దగా ఆలోచించండి.

జడ్చర్ల_సోలార్

తమ్ముడు చెప్పిన లెక్కలన్నీ నిజమే, కానీ డిండి అన్న అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. నేను ప్యానెళ్లు బిగించే పనిలోనే ఉన్నా కాబట్టి కుండబద్దలు కొట్టి చెప్తా.

సబ్సిడీతో ఇంటి మీద పెట్టేది ఎక్కువగా ఆన్‌గ్రిడ్ సిస్టమే. అది లైన్‌లో కరెంటు ఉన్నప్పుడే పని చేస్తుంది. లైన్ పోతే ఇన్వర్టర్ దానంతట అదే ఆగిపోతుంది, నెత్తిన ఎండ ఎంత కాసినా ఇంట్లో బల్బు వెలగదు. ఇది పాడైపోవడం కాదు, అట్లా ఆగేట్టే తయారు చేస్తారు. అంటే గాలివాన నాడు మీ ఊర్లో ప్రతి ఇంటి మీదా 3 కిలోవాట్లు ఉన్నా, నీళ్ల మోటరు తిరిగేది కాదు, ఫోను చార్జింగ్ అయ్యేది కాదు. ఈ ముక్క చాలామంది ఏజెంట్లు చెప్పరు, అడిగితేనే చెప్తారు. మొఢేరాలో వేరే సంగతి, అక్కడ 6 మెగావాట్ల ప్లాంటుకు తోడు 15 మెగావాట్ అవర్ల బ్యాటరీ పెట్టారు, అది సర్కారు డబ్బు, మన పంచాయతీ మోసే బరువు కాదు.

బిల్లు తగ్గించుకోవడానికి ఒక ప్లాన్, లైన్ పోయినప్పుడు ఊరు నిలబడటానికి ఇంకో ప్లాన్. రెండూ కలిపి ఒకే కాగితం మీద రాస్తే చివరికి రెండోది గల్లంతవుతుంది. మీకు కావాల్సింది రెండోది అని నాకు అర్థమైంది.

ఫీడర్_మనిషి (లైన్ పని)

జడ్చర్ల అన్న చెప్పిన ఆగిపోవడం గురించి నేను ఒక మాట కలుపుతా, ఎందుకంటే అది మా ప్రాణాల విషయం. లైన్ తెగినప్పుడు మేం సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ ఆపామన్న అనుమతి) తీసుకొని, లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ లాగి, స్తంభం ఎక్కుతాం. లైన్ చచ్చిపోయిందనే నమ్మకంతోనే చెయ్యి వేస్తాం. అప్పుడు ఊర్లో ఎవరో జనరేటర్‌నో పాత రకం ఇన్వర్టర్‌నో మెయిన్ ఆఫ్ చేయకుండా ఇంటి వైరింగ్‌కు కలిపారనుకోండి, ఆ కరెంటు వెనక్కి వచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎదురెక్కి 11 కేవీ అవుతుంది. కింద ఇంట్లో 230 వోల్టులు, పైన మా చేతికి 11,000 వోల్టులు. అందుకే వైరు షార్ట్ చేసి ఎర్త్ చేశాకే చెయ్యి పెట్టాలని మాకు చెప్తారు, గాలివాన రాత్రి ఊరంతా ఫోన్లు చేసి తొందరపెడుతుంటే అందరూ అన్నీ చేయగలరా?

కాబట్టి మీ ప్లాన్‌లో బ్యాటరీ ఉన్నా జనరేటర్ ఉన్నా, చేంజోవర్ స్విచ్ తప్పకుండా రాయండి. లైన్ ఒక వైపు, మీ సొంత కరెంటు ఒక వైపు, రెండూ ఒకేసారి కలవడానికి వీల్లేని స్విచ్. ఎన్ని లక్షల సామాను పెట్టినా ఇది లేకపోతే పెట్టొద్దు.

నల్లమల_టీచర్ (అచ్చంపేట)

ఇంటింటి సోలార్ గురించి ఇంకో కోణం. 2024 మార్చి నుంచి సర్కారు గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. మన ఊళ్లలో రెండు ఫ్యాన్లు, టీవీ, నాలుగు లైట్లున్న ఇల్లు 100 యూనిట్లు కాల్చడమే ఎక్కువ. జీరో బిల్లు వచ్చే మనిషిని సబ్సిడీ పోను ఇంకో లక్ష చేతి నుంచి పెట్టమంటే ఎందుకు పెడతాడు? 3 కిలోవాట్లు నెలకు 360 యూనిట్లు ఇస్తుంది, మిగిలింది గ్రిడ్‌కు అమ్ముకోవచ్చు, నిజమే, కానీ దానికోసం అప్పు చేయమని నేనైతే ఏ కూలి కుటుంబానికీ చెప్పను.

పొలం మోటర్ల సంగతి వేరు. మా అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మేలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలుపెట్టారు, 2.1 లక్షల మంది గిరిజన రైతులకు, 6 లక్షల ఎకరాలకు సోలార్ పంపులతో నీళ్లివ్వాలన్నది లక్ష్యం. లైన్ వేయడానికే కష్టమైన పోడు భూములకు అది సరైన పని. మీ తండాల్లో అట్లాంటి భూములుంటే విడిగా దరఖాస్తు పెట్టించండి, ఈ ప్లాన్‌లో కలపకండి.

మర్రిగూడ_నీళ్లు

నేను పెద్దవాణ్ణి, టైపు చేయడం మెల్లగా వస్తుంది, కానీ ఇది చదివి ఊరుకోలేకపోయిన. మీరందరూ కరెంటు కరెంటు అంటున్నరు, నాకు మాత్రం నీళ్లే కనబడుతున్నయి. మా మండలంలో కాళ్లు వంకర్లు పోయి, నడుము లేవని మనుషులతో కలిసి బతికినవాణ్ణి. లీటరు నీళ్లల్ల 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండొద్దు, మా బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు. 2015ల చౌటుప్పల్‌ల భగీరథ పైలాన్ వేసి, తర్వాత కృష్ణా నీళ్లు ఇంటికొచ్చినంక మా పిల్లల పళ్లు తెల్లగ కనబడుతున్నయి. ఆ నీళ్లు రావాలంటే ఎక్కడెక్కడో పంపులు తిరగాలె. కరెంటు పోయిన నాలుగు రోజులకే మళ్లీ బోరు నీళ్లకు పోతున్నమంటే, ఆ పోరాటమంతా ఎటుపోయినట్టు బిడ్డా?

ఇంకో మాట. నీళ్లు కాచి తాగితే సరిపోతదని కొందరు అంటరు. కాస్తే క్రిములు చస్తయి, ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకింత చిక్కబడతది. కరెంటు అక్కర్లేని పద్ధతి మన జిల్లా పేరు మీదనే ఉన్నది, నల్లగొండ టెక్నిక్ అని, నీరి అనే పరిశోధన సంస్థ వాళ్లు కనిపెట్టింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి బాగ తిప్పి, తేరనిచ్చి, పైనీళ్లు వంపుకొనుడు. కాని పటిక ఎంత వెయ్యాలనేది ఆ నీళ్లను బట్టి మారుతది, ఎక్కువైతే అదో బాధ. తెలిసిన మనిషి పరీక్ష చేసి లెక్క కట్టి ముందే రాసిపెడితే, అన్నీ ఆగిపోయిన నాడు పనికొస్తది. మొదటిది మాత్రం నీళ్ల ట్యాంకు. అది రాసినంకనే ఇంకేదన్నా రాయండి.

సబ్‌సెంటర్_సిస్టర్ (నారాయణపేట జిల్లా)

పెద్దాయన మాటకు నా ఓటు. తర్వాత మా లాంటి ఆరోగ్య సబ్‌సెంటర్ల గురించి కూడా రాయండి. టీకాలు పీహెచ్‌సీ నుంచి డబ్బాలో ఐస్ ప్యాకులతో టీకాల రోజు వస్తాయి కాబట్టి వాటికి ఇబ్బంది తక్కువ. ఇబ్బంది ఎక్కడంటే, ఊర్లో ఇన్సులిన్ వేసుకునే వాళ్లున్నారు, వాళ్ల ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోతే మందు ఎక్కడ పెట్టుకోవాలి? మే నెల ఎండలో ఇన్సులిన్ బయట ఉంచలేం. రాత్రి పూట కాన్పు కేసు వస్తే సెల్‌ఫోన్ లైట్ పట్టుకొని చూడాల్సి వస్తుంది. 108కు ఫోన్ చేద్దామంటే ఫోన్‌లో చార్జింగ్ ఉండదు. ఆయాసం ఉన్న పిల్లలకు నెబ్యులైజర్ పెట్టాలంటే కరెంటు కావాలి.

ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉన్న పేషెంటు ఎవరైనా ఉన్నారేమో ఆశా అక్కను అడిగి ముందే రాసుకోండి. అది 350 వాట్ల దాకా లాగుతుంది, రోజంతా అంటే 8 యూనిట్ల పైమాటే. అట్లాంటి మనిషిని లైన్ పోయిన వెంటనే మార్చాలి, ఎవరి బండిలో, ఎక్కడికి అన్నది కూడా ప్లాన్‌లో రాయాల్సిందే.

డిండి_వాగు

అందరికీ చాలా థాంక్స్, ముఖ్యంగా మర్రిగూడ బాపుకు, సిస్టర్‌కు. సర్పంచ్ అక్కకు చదివి వినిపించిన. ఇప్పుడు మాకు తేటగా అర్థమైంది, ముందు ప్యానెళ్లు లెక్కపెట్టొద్దు, లైన్ పోయిన రోజు ఏది ఆగొద్దో అది లెక్కపెట్టాలి. మేం అనుకున్నవి: ట్యాంకుకు నీళ్లెక్కించే 5 హెచ్‌పీ బోరు మోటరు, ఆర్వో ప్లాంటు, సబ్‌సెంటర్, ఫోన్లు చార్జింగ్ పెట్టుకోవడానికి పంచాయతీ ఆఫీసులో ఒక గది. పాల సెంటర్ వాళ్లు కూడా అడుగుతున్నారు, కూలర్ ఆగితే సాయంత్రం పాలు మొత్తం విరిగిపోతాయని. ట్యాంకు 40,000 లీటర్లది. వీటికి ఎన్ని ప్యానెళ్లు, ఎంత బ్యాటరీ?

జడ్చర్ల_సోలార్

ఇప్పుడు దారిలో పడ్డాం. ఒక్కొక్కటి చెప్తా, కాస్త పొడవవుతుంది.

నీళ్ల మోటరుకు బ్యాటరీ పెట్టనే పెట్టొద్దు. మోటరు స్టార్టయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు గుంజుతుంది, దానికి తగ్గ బ్యాటరీ, ఇన్వర్టర్ కొనాలంటే డబ్బంతా అక్కడే పోతుంది. మీ బ్యాటరీ ఆ ట్యాంకే. పగలు ఎండ ఉన్నప్పుడు నీళ్లెక్కించి పెట్టుకుంటే రాత్రికి కరెంటు దాచినట్టే. 5 హెచ్‌పీకి కేంద్రం రైతులకిచ్చే కుసుమ్ సోలార్ పథకం పంపుల లెక్క ప్రకారం 4,800 వాట్ల ప్యానెళ్లు వేస్తారు. మీ పాత మోటరే ఉంచుకోవచ్చు, మధ్యలో సోలార్ పంప్ కంట్రోలర్ పెడితే అది మోటరును మెల్లగా లేపుతుంది, మబ్బు పడితే వేగం తగ్గించి తిప్పుతుంది, ఆపేయదు. పాత మోటరు కాబట్టి ప్యానెళ్లు ఒకటి రెండు ఎక్కువే వేసుకోండి. లైన్ ఉన్న రోజుల్లో లైన్ మీద, లేని రోజు సోలార్ మీద, ఫీడర్ అన్న చెప్పిన చేంజోవర్ ఇక్కడే వస్తుంది.

ఇంకా ముఖ్యమైంది, పైసా ఖర్చు లేనిది. భగీరథ లెక్క మనిషికి రోజుకు 100 లీటర్లు, అంటే మీకు లక్షన్నర లీటర్లు. మీ ట్యాంకు దానికి మూడో వంతు కూడా లేదు. కానీ తాగడానికి, వండుకోవడానికి మనిషికి 10 లీటర్లు చాలు అనుకుంటే రోజుకు 15,000 లీటర్లే, నిండు ట్యాంకు రెండున్నర రోజులు వస్తుంది. అది జరగాలంటే, లైన్ పోయిందని తెలిసిన అరగంటలో నీళ్లు వదిలే మనిషి వెళ్లి గేటు వాల్వు కట్టేయాలి. లేకపోతే నల్లాలు తిప్పి డ్రమ్ములు, తొట్లు, బర్ల కుడితి గాబులు అన్నీ నింపేసుకుంటారు, కింద వీధికి నీళ్లు, పైవీధికి సున్నా. వాల్వు ఎవరు కట్టాలి, ఆయన ఊర్లో లేకపోతే ఎవరు కట్టాలి, తర్వాత ట్యాంకు కింద బిందెల లెక్కన ఎవరు పోయాలి, ఇది రాయండి. ఆ ట్యాంకులో పోసేది భగీరథ నీళ్లేనా, బోరు నీళ్లా అన్నదాన్ని బట్టి బాపు మాట కూడా చూసుకోవాలి. బోరు నీళ్లైతే ఆర్వో దాటించాకే తాగాలి.

సబ్‌సెంటర్‌కు మాత్రం బ్యాటరీ కావాలి. నాలుగు ట్యూబ్‌లైట్లు 80 వాట్లు, మూడు ఫ్యాన్లు 150 వాట్లు, పన్నెండు గంటలు నడిస్తే 2.8 యూనిట్లు, చిన్న ఫ్రిజ్‌కు ఇంకో అర యూనిటు. 5 యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ ఒకటి నిబ్బరంగా సరిపోతుంది. రాత్రికి అంత, పగటికి ఇంకో మూడు యూనిట్లు అనుకుంటే, ఒక కిలోవాట్ ప్యానెల్ మన దగ్గర మంచి ఎండలో రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది కాబట్టి 2 కిలోవాట్లు చాలు, మబ్బులకు కూడా కలిపి 3 వేసుకోండి. హైబ్రిడ్ ఇన్వర్టర్ అని అడగండి, అది లైన్ పోయినా బ్యాటరీతో నడుస్తుంది. ట్యూబులర్ బ్యాటరీ చవక కదా అంటారు, 150 ఏహెచ్‌ది ఒకటి కాగితం మీద 1.8 యూనిట్లు, అందులో సగమే వాడుకోవాలి, నీళ్లు పోస్తుండాలి, నాలుగైదేళ్లకు మార్చాలి. పోసే మనిషి ఉంటే సరే.

ఫోన్ల గదిని సబ్‌సెంటర్‌తోనే కలపండి, ఇంకో సిస్టమ్ వద్దు. పాల కూలర్‌ను మాత్రం దీనికి తగిలించొద్దు. కంప్రెసర్ లోడు పెద్దది, దానికి జనరేటరే దిక్కు, అది పాల సంఘం చూసుకోవాల్సిన పని.

మక్తల్_ట్రాక్టర్

ఎండ లెక్క బాగుంది అన్నా, మరి తుఫాను లెక్క? ఏప్రిల్, మే గాలివానకు సాయంత్రం స్తంభాలు పడతాయి, తెల్లారి ఎండ ఫెళఫెళా కాస్తుంది, సోలార్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మొంథా లాంటిది వస్తే ఆకాశం తెరిపివ్వదు, ప్యానెళ్లు పావు వంతు ఇస్తే గొప్ప. అప్పుడు ఎట్ల?

మీ పంచాయతీకి ట్రాక్టర్, ట్యాంకరు ఉన్నాయి కదా, పల్లె ప్రగతిలో అన్ని పంచాయతీలకూ ఇచ్చారు. ట్రాక్టర్ వెనక తిరిగే పీటీఓ షాఫ్టుకు తగిలించి కరెంటు తీసే ఆల్టర్నేటర్ దొరుకుతుంది. ఇంజిన్ మళ్లీ కొనాల్సిన పని లేదు, విడి జనరేటర్ కంటే చవక. 35 హెచ్‌పీ ట్రాక్టర్ ఉంటే 15 కేవీఏది తిప్పి మీ 5 హెచ్‌పీ మోటరును లేపొచ్చు. కొన్ని ఊళ్లకు చిన్న ట్రాక్టర్లు వచ్చాయి, మీది ఏదో చూసుకోండి. బోరు దగ్గరికి ట్రాక్టర్ పోయే దారి ఉండాలి, వానలో దిగబడకుండా మొరం పోయించండి, కంట్రోల్ డబ్బా నేల మీద కాకుండా ఎత్తు గద్దె మీద పెట్టించండి. డీజిల్ క్యాన్ ఒకటి వానాకాలం మొదలయ్యే ముందే తాళం వేసి పెట్టుకోవాలి. రోడ్డు తెగినాక బంకుకు పోలేరు.

ఊర్లో ఎవరికో ఒకరికి సొంత ఆల్టర్నేటర్ ఉండే ఉంటుంది, టెంట్‌హౌస్ వాళ్లను అడగండి. కొనేదాకా వాళ్లతో మాట్లాడి పెట్టుకోవచ్చు.

సంఘం_అక్క (వనపర్తి జిల్లా, మహిళా గ్రామ సంఘం సహాయకురాలు, వీవోఏ)

తమ్మీ, మహిళా సంఘం ప్లాంటు మాట కూడా ఎవరైనా చెప్పండి. ఇందిరా మహిళా శక్తి కింద సంఘాలకు సోలార్ ప్లాంట్లు ఇస్తామంటున్నారు, మా మండల సమాఖ్యలో కూడా చర్చ నడుస్తోంది. మా ఆడవాళ్లకు ఆశ ఉంది, భయం కూడా ఉంది. అప్పు సంఘం పేరు మీద ఉంటుంది, రేపు ఏమన్నా అయితే బ్యాంకు వాళ్లు మా పొదుపు మీద పడతారు. ఇది పెడితే ఊరికి కరెంటు పోకుండా ఉంటుందా?

నల్లమల_టీచర్

అక్కా, ఉండదు. ఆ ప్లాంటు కరెంటు సబ్‌స్టేషన్‌కు పోతుంది, సబ్‌స్టేషన్ లైన్ ఆగితే ప్లాంటూ ఆగుతుంది. అది ఆదాయం కోసం పెట్టేది. ఆదాయం లెక్క చెప్తాను, మీరే చూసుకోండి. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి, సబ్‌స్టేషన్ దగ్గర్లో ఉండాలి. ఏడాదికి 15, 16 లక్షల యూనిట్లు వస్తాయి. కుసుమ్‌లో యూనిట్‌కు 3.13 రూపాయల రేటు, అంటే ఏడాదికి 50 లక్షలకు అటూఇటూ. వినడానికి పెద్ద మొత్తం. పెట్టుబడి కోట్లల్లో ఉంటుంది కాబట్టి మొదటి పదేళ్లు అందులో సింహభాగం బ్యాంకు కిస్తీకే పోతుంది, ఆపైన వాచ్‌మన్, ప్యానెళ్లు కడిగే కూలి, ఇన్సూరెన్స్. కరెంటు కొనే సంస్థ డిస్కం డబ్బులు ఆలస్యం చేసినా కిస్తీ ఆగదు, అందుకే ఆరు నెలల కిస్తీ డబ్బు ముందే పక్కన ఉంటేనే సంతకం పెట్టండి.

చేసి చూపించిన పంచాయతీ లేకపోలేదు. తమిళనాడు కోయంబత్తూరు జిల్లాలో ఓదంతురై అనే పంచాయతీ 2006లో కోటిన్నరకు పైగా పెట్టి, బ్యాంకు అప్పుతో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. కరెంటు అమ్మి అప్పు తీర్చింది, ఊరి కరెంటు ఖర్చు వెళ్లదీసింది. అక్కడ గాలి ఉంది, మన దగ్గర ఆ గాలి లేదు, ఎండ ఉంది. తేడా అంతే.

చెడిపోయింది కూడా తెలుసుకోవాలి. బీహార్‌లో ధర్నై అనే ఊర్లో 2014లో 100 కిలోవాట్ల సోలార్ గ్రిడ్ పెట్టారు, దేశమంతా పొగిడింది. కొన్నాళ్లకు గ్రిడ్ కరెంటు చవకగా వచ్చింది, జనం అటు పోయారు, బ్యాటరీలు అరిగిపోయాయి, మార్చేందుకు డబ్బు లేదు. చివరికి ఆ చోట పశువులను కట్టేశారు. ప్యానెళ్లు బాగానే ఉన్నాయి, ఐదో ఏడు బ్యాటరీకి డబ్బు ఎవరిస్తారో ముందు రాసుకోలేదు.

మిర్యాలగూడ_మిల్లు

సోలార్ ఒక్కటేనా అని అడుగుదామనుకున్నా. మా దగ్గర బాయిల్డ్ రైస్ మిల్లుల్లో బాయిలర్లు ఊకతోనే నడుస్తాయి, వడ్ల బరువులో ఐదో వంతు ఊకే. ఊకను గ్యాసుగా మార్చే గ్యాసిఫైయర్‌తో కరెంటు కూడా తీయొచ్చు. కానీ డిండి అన్న వాళ్ల దిక్కు మిల్లు లేదు, ఊక లారీలో మోసుకెళ్లి, తారు కడుగుతూ, రోజూ మనిషిని పెట్టి నడపడం చిన్న ఊరికి కుదరదు. గోబర్ గ్యాస్ మాత్రం ఆలోచించండి. నాలుగైదు పశువులున్న ఇంటికి, రోజూ 50 కిలోల పేడ దొరికితే, రెండు ఘనపు మీటర్ల ప్లాంటు వంటకు సరిపోతుంది. రోడ్డు తెగి సిలిండర్ బండి రాకపోయినా పొయ్యి వెలుగుతుంది. స్కూల్ మధ్యాహ్న భోజనం దగ్గర ఒకటి పెట్టిస్తే వరద రోజుల్లో అక్కడే వండి పెట్టొచ్చు.

జడ్చర్ల_సోలార్

బిగించే విషయంలో నాలుగు మాటలు, ఎందుకంటే గాలివానకు నిలబడాల్సిన సిస్టమ్ గాలివానకే లేచిపోతే అర్థం లేదు. రేకుల షెడ్డు మీద వద్దే వద్దు. స్లాబు మీద అయితే కాంక్రీట్ దిమ్మెలు పోసి జీఐ స్టాండు బిగించాలి, తక్కువ ఎత్తులో, పిట్టగోడ చాటున. ఎత్తు స్టాండు వేస్తే కింద బట్టలారేసుకోవచ్చని జనం అడుగుతారు, పంచాయతీ బిల్డింగు మీద ఆ పని చేయకండి, కింది నుంచి గాలి పట్టి లేపుతుంది. ఏటా ఉగాదికల్లా నట్లన్నీ ఒకసారి బిగించాలి.

ఎర్తింగ్ గుంతలు బొగ్గు, ఉప్పు వేసి తీయించండి, ఎండాకాలం వాటికి నీళ్లు పోయాలి. మన దిక్కు రాతి నేల, ఎండిపోతే ఎర్త్ పని చేయదు, పిడుగు పడితే ఇన్వర్టర్ పోతుంది. ప్యానెళ్లు బోరు నీళ్లతో కడిగితే తెల్లటి పొర కడుతుంది, ఆరిపోయాక గీకినా పోదు. భగీరథ నీళ్లతో, తెల్లవారుజామున ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే కడగాలి. కోతులు వైర్లు పీకుతాయి కాబట్టి వైర్లన్నీ పైపులో వేయించండి.

పట్నం_తమ్ముడు

ఇప్పుడు నా మాట మార్చి చెప్తాను. ఇంటింటికీ అన్న డబ్బును బోరు మోటరు, సబ్‌సెంటర్, ఆల్టర్నేటర్ ఈ మూడు పనులకు పెడితే చాలా తక్కువలో అయిపోతుంది. పట్నంలో ఉన్నవాళ్లం విరాళం ఇస్తే సామాను కొనడానికి కాకుండా బ్యాటరీ మార్చే డబ్బుగా బ్యాంకులో వేస్తే మంచిదేమో. సామాను కొనడానికి ఎవరైనా ముందుకొస్తారు, ఐదో ఏడు ఎవరూ గుర్తుపెట్టుకోరు.

సంఘం_అక్క

ఆ ఖాతా పంచాయతీది కాకుండా గ్రామ సంఘం పేరు మీద ఉంచండి తమ్మీ. పాలకవర్గం మారుతుంది, సంఘం మారదు. ఆర్వో ప్లాంటులో డబ్బాకు తీసుకునే డబ్బులో ఒక రూపాయి అందులో వేయమనండి, నెలనెలా కూడుతుంది. లెక్క మా సమావేశంలో చదువుతాం.

డిండి_వాగు

నిన్న సర్పంచ్ అక్క, కార్యదర్శి సార్, వార్డు మెంబర్లు కూర్చున్నారు, ఈ చర్చంతా ప్రింటు తీసి చదివారు. ఇప్పటికి తేలింది ఇది. బోరు మోటరుకు సోలార్ కంట్రోలర్, ప్యానెళ్లు మొదటి పని, అది తాగునీటి పని కాబట్టి ఫైనాన్స్ కమిషన్ నిధుల్లో తాగునీరు, పారిశుధ్యానికి కేటాయించిన వాటా నుంచి అడగొచ్చని కార్యదర్శి సార్ అన్నారు. సబ్‌సెంటర్‌కు 3 కిలోవాట్లు, బ్యాటరీ రెండోది, దీనికి దాతలను అడుగుతాం. మా ట్రాక్టర్ చిన్నది, కాబట్టి పక్క పంచాయతీతో కలిసి ఆల్టర్నేటర్ అనుకుంటున్నాం, వాళ్ల ట్రాక్టర్ 40 హెచ్‌పీ ఉంది. ఇంటింటి సోలార్ ఎవరి ఇష్టం వాళ్లది, పంచాయతీ ఎవరినీ బలవంతం చేయదు. వాల్వు కట్టే పనికి ఇద్దరి పేర్లు రాశాం, ఒకరు తండా మనిషి. ఖాతా సంఘం పేరు మీదే.

ఒక చిక్కు ఉంది. పైవీధి వాళ్లు ట్యాంకు దగ్గరికి బిందెలు మోయలేమంటున్నారు, వాళ్లలో ముసలివాళ్లు ఎక్కువ.

మర్రిగూడ_నీళ్లు

వాళ్లకు పంచాయతీ ట్యాంకరుతోటి పొద్దుగాల ఒక ట్రిప్పు కొట్టించు బిడ్డా. చిన్న ట్రాక్టరైనా ట్యాంకరు గుంజుతది. ట్యాంకరును మాత్రం వానాకాలానికి ముందు లోపల కడిగించు, చెట్లకు నీళ్లు పోసిన ట్యాంకరుతోటి తాగే నీళ్లు పొయ్యొద్దు.

ఫీడర్_మనిషి

చేంజోవర్ బోర్డు పెట్టే ముందు మీ సెక్షన్ కరెంటు ఆఫీసులో ఏఈ (ఇంజినీరు) సార్‌కు ఒక దరఖాస్తు ఇచ్చి, లైన్‌మన్‌ను పిలిచి చూపించండి. ఎక్కడెక్కడ సొంత కరెంటు ఉందో మాకు తెలిస్తే స్తంభం ఎక్కే ముందు ఒక ఫోన్ చేసుకుంటాం. అదే దరఖాస్తులో ఫీడర్ వెంట చెట్ల కొమ్మలు కొట్టే తేదీ కూడా అడగండి, ఏప్రిల్ గాలులకు ముందే కావాలని రాయండి. ఊరి నుంచి నలుగురు మనుషులు తోడొస్తే ఆ పని ఒక్క పూటలో అయిపోతుంది.

డిండి_వాగు

సరే అన్నా, సోమవారం సెక్షన్ ఆఫీసుకు పోతున్నాం. దరఖాస్తు రాసి ఇక్కడ పెడతా, పంపే ముందు ఒకసారి చూసి చెప్పండి.